50 గజాల లోపు జింకల వేటకు 44 మాగ్నమ్ రివాల్వర్: సొంతంగా నింపిన తూటాలతో గురి చెదురుతోంది

హాకింగ్‌హిల్స్_హరి

ఆగ్నేయ ఒహాయోలో ఒక మిత్రుడి పొలాన్ని ఆనుకొని ఉన్న ఓక్ అడవిలో, ఈ ఏడాది గన్ సీజన్‌లో రివాల్వర్‌తో తెల్లతోక జింకను వేటాడాలని నిశ్చయించుకున్నాను. అక్కడ మంచె ఎటువైపు కట్టుకున్నా చెట్ల సందుల్లోంచి 50 గజాలకు మించి కనిపించదు కనుక రైఫిల్ అవసరం లేదనిపించింది. నా దగ్గర ఉన్నది ఏడున్నర అంగుళాల బారెల్ గల సింగిల్ యాక్షన్ (ప్రతి తూటాకూ హ్యామర్‌ను చేత్తో వెనక్కి లాగాల్సిన) 44 మాగ్నమ్. దుకాణంలో కొన్న 240 గ్రెయిన్ల (బుల్లెట్, పౌడర్ తూచే చిన్న కొలత) జాకెట్ బుల్లెట్ (సీసం మీద రాగి తొడుగు ఉన్నది) తూటాలు బల్ల మీద ఆనించి కాల్చినప్పుడు 50 గజాల దగ్గర మూడు అంగుళాల వృత్తంలో పడుతున్నాయి. ఇబ్బందంతా నేను ఇంట్లో నింపుకున్న తూటాలతోనే (తూటా అంటే ఇత్తడి కేసింగ్, దాని అడుగున నిప్పంటించే ప్రైమర్, లోపల పౌడర్, ముందు ఎగిరిపోయే బుల్లెట్ అన్నీ కలిపి).

మొదటిది, పోత సీసం బుల్లెట్లతో నింపినవి అదే దూరంలో ఏడు అంగుళాల వరకు చెదిరిపోతున్నాయి. రెండవది, బారెల్ మొదట్లో, అంటే సిలిండర్ వైపు చివర, సీసం పొరలుగా అంటుకుంటోంది. మూడవది నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. హెచ్110 పౌడర్‌తో నింపిన తూటాలు వరుసగా కాలుస్తుంటే, చివరి తూటాలోని బుల్లెట్ ముందుకు జరిగి సిలిండర్ తిరగకుండా పట్టేసింది. లోపం ఎక్కడ ఉందో, జింకకు ఎలాంటి తూటా తగినదో, మామూలు సైట్లు చాలునో స్కోపు కావాలో అనుభవజ్ఞులు చెప్పగలరు.

బ్రాస్_బాబాయ్

మీ పోత బుల్లెట్ల వ్యాసం ఎంత? సిలిండర్ గదుల ముందు భాగాన్ని, అంటే త్రోట్లను, ఎప్పుడైనా కొలిచారా? క్రింప్ (బుల్లెట్‌ను పట్టి ఉంచేలా కేసింగ్ మూతి అంచును లోపలికి నొక్కడం) ఏ రకంది, బుల్లెట్ కూర్చోబెట్టే దశలోనే వేస్తున్నారా లేక విడిగా వేస్తున్నారా? ఈ మూడింటికి జవాబు తెలిస్తే మిగతాది చాలావరకు తేలిపోతుంది.

హాకింగ్‌హిల్స్_హరి

బుల్లెట్ల పెట్టె మీద 0.429 అంగుళాలని ఉంది. త్రోట్లను కొలవలేదు. క్రింప్‌ను బుల్లెట్ కూర్చోబెట్టేటప్పుడే, అదే డైతో (తూటా నింపే ప్రెస్‌లో బిగించే అచ్చు) కొద్దిగా వేస్తున్నాను.

పెన్సిల్వేనియా_పెద్దన్న

పోత బుల్లెట్ల గొడవ ఎందుకండీ? ఫ్యాక్టరీ తూటాలు మూడు అంగుళాల్లో పడుతుంటే, అదే బరువున్న హోర్నడీ కంపెనీ ఎక్స్‌టీపీ జాకెట్ బుల్లెట్లు కొని నింపుకుంటే పని అయిపోతుంది. జాకెట్ ఉంటే సీసం అంటుకోదు.

బ్రాస్_బాబాయ్

@పెన్సిల్వేనియా_పెద్దన్న, సీసం సంగతి మీరన్నట్టే పరిష్కారమవుతుంది. కానీ ముందుకు జరిగే బుల్లెట్ సంగతి ఏ బుల్లెట్ పెట్టినా పరిష్కారం కాదు, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

రివాల్వర్‌లో బుల్లెట్ మొదట సిలిండర్ త్రోట్ గుండా వెళ్ళి, సన్నని ఖాళీని దాటి, బారెల్ మొదట్లో గరాటులా ఉండే ఫోర్సింగ్ కోన్‌లో ప్రవేశించి, ఆ తర్వాతే బారెల్ లోపలి మెలికల గాడులను పట్టుకుంటుంది. బుల్లెట్ త్రోట్ కంటే సన్నగా ఉంటే దాని పక్కల నుంచి వేడి వాయువు దూసుకుపోయి సీసాన్ని కోసేస్తుంది. కోసిన సీసం బారెల్ మొదట్లో అంటుకుంటుంది. మీరు వర్ణించిన చోటు సరిగ్గా అదే. అదే సీసం బారెల్ మూతి దగ్గర అంటుకుంటే, బుల్లెట్‌కు పూసిన గ్రీజు చాల్లేదని అనుమానించేవాణ్ణి. 44 మాగ్నమ్‌లో జాకెట్ బుల్లెట్‌కు 0.429 లేదా 0.430 సరిపోతుంది, పోత బుల్లెట్‌కు మాత్రం సాధారణంగా 0.430 నుంచి 0.432 వరకు కావాలి. ఎంత కావాలన్నది మీ త్రోట్లే చెప్పాలి.

కొలిచే పద్ధతి ఇది. తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకొని, సిలిండర్ బయటికి తీసి, నూనె రాసిన మెత్తని సీసపు ముక్కను ప్రతి గది త్రోట్ గుండా ఇత్తడి కడ్డీతో నెమ్మదిగా నెట్టండి. ఆ ముక్కను కాలిపర్‌తో కాక మైక్రోమీటర్‌తో కొలవండి. తర్వాత ఇదే పని బారెల్‌కు కూడా చేయండి. త్రోట్ బారెల్ గాడుల వ్యాసానికి సమానంగానో, వెంట్రుకవాసి ఎక్కువగానో ఉండాలి. మీరు కొనే బుల్లెట్ త్రోట్ గుండా వేలితో కొద్దిగా నెడితే వెళ్ళేంత బిగువుగా ఉంటే అది సరైన కొలత. ఆరు గదులూ ఒకే కొలతలో లేకపోతే, బాగా పడే గదులేవో గుర్తుపెట్టుకోండి.

ఇంకొక చోటు కూడా చూడండి. బారెల్‌ను ఫ్రేమ్‌లోకి మరలతో బిగించిన చోట కొన్ని తుపాకుల్లో లోపలి వ్యాసం కొంచెం ఇరుకవుతుంది. సీసపు ముక్కను నెట్టేటప్పుడు ఆ చోట చేతికి బిగువు తెలుస్తుంది. బుల్లెట్ అక్కడ నొక్కుకుపోయి, ఆ తర్వాత బారెల్ అంతటా వదులుగా ప్రయాణిస్తుంది. అలా ఉంటే దాన్ని సరిచేసే పని మంచి గన్‌స్మిత్‌కు అప్పగించాలి.

వెంకట్_44

బ్రాస్_బాబాయ్ గారు చెప్పినదానికి ఒక మాట చేరుస్తాను. బారెల్‌లో బేసి సంఖ్యలో గాడులు ఉంటే, ఎదురెదురుగా ఉండే రెండు గాడులు దొరకవు కాబట్టి మామూలు మైక్రోమీటర్‌తో ఆ ముక్కను కొలవడం కుదరదు. హరి గారు ముందుగా గాడులు లెక్కపెట్టుకోవాలి.

సింగిల్‌యాక్షన్_శీను

ముందుకు జరిగే బుల్లెట్ గురించి. తుపాకీ వెనక్కి తన్నినప్పుడు తూటా కూడా దానితోపాటు వెనక్కి వస్తుంది, కానీ బరువైన బుల్లెట్ తన చోటే నిలబడాలని చూస్తుంది. దాన్ని పట్టి ఉంచేవి రెండే: కేసింగ్ గోడల బిగువు, మూతి దగ్గర క్రింప్. మీరు "కొద్దిగా" వేసిన క్రింప్ 44 మాగ్నమ్‌కు చాలదు. బుల్లెట్ మీద ఉన్న గాడిలోకి కేసింగ్ అంచు గట్టిగా మడత పడేలా రోల్ క్రింప్ వేయాలి, అది కూడా బుల్లెట్ కూర్చోబెట్టడం పూర్తయ్యాక వేరే దశలో వేయాలి. ఒకే దశలో వేస్తే బుల్లెట్ ఇంకా కిందికి దిగుతుండగానే అంచు మడత పడి సీసాన్ని గీకేస్తుంది.

అంతకంటే ముందు చూడాల్సింది ఎక్స్‌పాండర్, అంటే బుల్లెట్ పట్టేలా కేసింగ్ మూతిని వెడల్పు చేసే కడ్డీ. అది బుల్లెట్ కంటే అంగుళంలో వెయ్యింట రెండు మూడు వంతులు సన్నగా ఉండాలి. లావుగా ఉంటే గోడల బిగువు పోతుంది, ఆ తర్వాత ఎంత క్రింప్ వేసినా ప్రయోజనం ఉండదు. కేసింగ్‌లన్నింటినీ ఒకే పొడవుకు కత్తిరించుకోవడం కూడా అవసరం. 44 మాగ్నమ్‌కు గరిష్ఠ పొడవు 1.285 అంగుళాలు, అందరూ కత్తిరించేది 1.275కు. పొడవులు వేరువేరుగా ఉంటే ఒక తూటాకు క్రింప్ గట్టిగానూ, పక్కదానికి వదులుగానూ పడుతుంది.

పరీక్ష సులువే. ఆరు నింపి, అయిదు కాల్చి, ఆరవదాని మొత్తం పొడవును కాల్చకముందూ తర్వాతా కొలవండి. పొడవు మారకపోతే మీ క్రింప్ సరిపోయినట్టే.

హాకింగ్‌హిల్స్_హరి

ఇది చాలా ఉపయోగపడుతుంది. ఒక సందేహం. తన్ను తగ్గితే బుల్లెట్ జరగదు కదా అని హెచ్110 కొలత తగ్గిద్దామనుకుంటున్నాను. 240 గ్రెయిన్ల బుల్లెట్‌కు మీరెంత వేస్తున్నారో గ్రెయిన్లలో చెప్పగలరా?

బ్రాస్_బాబాయ్

హెచ్110ను తగ్గించకండి. ఈ ఒక్క మాటలో మాత్రం నేను రాజీపడను. హెచ్110, విన్‌చెస్టర్ 296 రెండూ ఒకే పౌడర్. కేసింగ్ దాదాపు నిండి, ఒత్తిడి బాగా పెరిగితేనే అది సక్రమంగా మండుతుంది. మాన్యువల్‌లో ఇచ్చిన కొలత నుంచి మూడు శాతానికి మించి తగ్గించవద్దని తయారీదారులే హెచ్చరిస్తారు. మరీ తగ్గిస్తే సరిగ్గా అంటుకోక బుల్లెట్ బారెల్ మధ్యలో ఇరుక్కునే ప్రమాదం ఉంది, అది గమనించకుండా తర్వాతి తూటా కాలిస్తే తుపాకీ పగులుతుంది. మాగ్నమ్ ప్రైమర్, గట్టి క్రింప్ రెండూ ఈ పౌడర్‌కు తప్పనిసరి.

గ్రెయిన్ల అంకె ఇక్కడ నేను రాయను. పౌడర్ లాటు మారినా, ప్రైమర్ మారినా, అదే బరువులో వేరే కంపెనీ బుల్లెట్ పెట్టినా ఒత్తిడి మారుతుంది. మీ చేతిలో ఉన్న బుల్లెట్ తయారీదారు మాన్యువల్ తెరిచి, అందులోని కనిష్ఠ కొలతతో మొదలుపెట్టండి.

వెంకట్_44

అంకెలు రాయకూడదనడం నాకు అతిజాగ్రత్తగా తోస్తుంది. అవే అంకెలు పౌడర్ కంపెనీల వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతున్నాయి.

బ్రాస్_బాబాయ్

@వెంకట్_44, అక్కడ దొరుకుతున్నాయి కాబట్టే ఇక్కడ అవసరం లేదు. అక్కడ అంకె పక్కన బుల్లెట్, ప్రైమర్, కేసింగ్, బారెల్ పొడవు అన్నీ ఉంటాయి. చర్చలో అంకె ఒక్కటే మిగిలి, ఒకరి దగ్గరి నుంచి ఇంకొకరికి చేరుతుంది. ఎవరైనా టైపు చేయడంలో ఒక్క అంకె తప్పినా దాని ఫలితం అనుభవించేది చదివినవారే.

సింగిల్‌యాక్షన్_శీను

ఈ విషయంలో నేను బ్రాస్_బాబాయ్ గారి పక్షమే. హరి గారికి తన్ను తగ్గాలంటే హెచ్110ను తగ్గించడం మార్గం కాదు, పౌడర్ మార్చడం మార్గం. అలయంట్ 2400 అనే పౌడర్‌తో మధ్యస్థ వేగాలు నిశ్చింతగా సాధించవచ్చు, పోత బుల్లెట్లతో అది బాగా కుదురుతుంది. ఇంకా వేగంగా మండే పౌడర్లు ఉన్నాయి గానీ, వాటిలో ఒక ప్రమాదం ఉంది. హెచ్110ను పొరపాటున రెండుసార్లు పోస్తే కేసింగ్ పొంగి పొర్లి కంటికి తెలిసిపోతుంది. వేగంగా మండే పౌడర్‌ను అడుగున కొంచెమే పోస్తాం, కాబట్టి రెండుసార్లు పోసినా నిండదు. ఏ పౌడర్ వాడినా, బుల్లెట్లు కూర్చోబెట్టే ముందు పళ్ళెంలో నిలబెట్టిన కేసింగ్‌లన్నింటిలోకి టార్చి వేసి చూడటం మానవద్దు.

పెన్సిల్వేనియా_పెద్దన్న

వేగం తగ్గించమని సలహా ఇచ్చేముందు మనం దేనికోసం నింపుతున్నామో గుర్తుంచుకోవాలి. 240 గ్రెయిన్ల బుల్లెట్ సెకనుకు 1300 అడుగుల వేగంతో బయలుదేరితే దాని శక్తి సుమారు 900 ఫుట్ పౌండ్లు. జింక మీదకు వెళ్ళేటప్పుడు తగ్గింపు తూటా ఎందుకు?

వెంకట్_44

@పెన్సిల్వేనియా_పెద్దన్న, ఫుట్ పౌండ్లు జింకను చంపవు, ఊపిరితిత్తుల గుండా పోయిన రంధ్రం చంపుతుంది. 250 గ్రెయిన్ల కీత్ పద్ధతి సెమీ వాడ్‌కటర్ (చదునైన ముక్కు గల పోత బుల్లెట్) సెకనుకు 1050 అడుగుల వేగంతో వెళితే శక్తి 600 ఫుట్ పౌండ్లకు కొంచెం పైన మాత్రమే. అయినా పక్క నుంచి తగిలితే తెల్లతోక జింకలో ఇటు దూరి అటు బయటికి వస్తుంది. రెండు రంధ్రాలుంటే రక్తపు జాడ త్వరగా మొదలవుతుంది, ఆకులు రాలిన అడవిలో వెతకడానికి అదే ఆధారం. ఆ బుల్లెట్‌ను రూపొందించిన అమెరికా వేటగాడు, రచయిత ఎల్మర్ కీత్ 1955 నాటికి స్మిత్ అండ్ వెస్సన్‌నూ, రెమింగ్టన్‌నూ ఒప్పించి 44 మాగ్నమ్‌ను బయటికి తెప్పించిన మాట నిజమే. కానీ అంతకుముందు ఆయన ఏళ్ళ తరబడి వేటాడింది మాగ్నమ్ కంటే పొట్టిదైన పాత 44 స్పెషల్ కేసింగ్‌లో ఇదే ఆకారపు బుల్లెట్ పెట్టుకొనే. చదునైన ముక్కు చేసే పని వేగం మీద అంతగా ఆధారపడదు.

పెన్సిల్వేనియా_పెద్దన్న

కీత్ వాడిన తూటాలు 44 స్పెషల్‌కు ఆనాడు అనుకున్న హద్దులు దాటి నింపినవి, అందులోనే ఆయన మాగ్నమ్ కోరిక ఉంది. అయితే రెండో రంధ్రం గురించి మీరన్నదాన్ని కాదనను. నేను ఎక్స్‌టీపీ వాడతాను. రివాల్వర్ వేగంలో అది బాగా విచ్చుకుంటుంది, పక్కటెముకల మీద తగిలితే ఎక్కువగా బయటికే వస్తుంది, భుజం ఎముక తగిలితే మాత్రం లోపలే ఆగడం చూశాను.

కడప_కోడలు

పై చర్చలో చేతుల సంగతి ఎవరూ ఎత్తలేదు. నా చేతులు చిన్నవి. నిండు బలంతో నింపిన 44 కాలిస్తే మూడో తూటాకే ట్రిగ్గర్ నొక్కకముందు మణికట్టు ఉలికిపడుతుంది. అందుకే 357 మాగ్నమ్‌లో 180 గ్రెయిన్ల బుల్లెట్‌తో, 35 గజాల లోపు మాత్రమే వేటాడతాను. ఆ హద్దు దాటి జింక నిలబడితే కాల్చను. ఒహాయో నిబంధనల ప్రకారం చేతి తుపాకీకి కనీసం 5 అంగుళాల బారెల్ ఉండాలి, కేసింగ్ నిలువు గోడలది కావాలి, వ్యాసం 0.357 అంగుళాలు లేదా అంతకు మించి ఉండాలి, కనుక 357 అక్కడ చట్టబద్ధమే.

ఉలికిపాటు పోగొట్టుకోవడానికి నాకు పనికివచ్చిన మార్గం చెబుతాను. రేంజిలో తోడువచ్చినవారు సిలిండర్‌లో కొన్ని నిజమైన తూటాలు, కొన్ని ఖాళీ కేసింగ్‌లు కలిపి పెట్టి ఇస్తారు. ఏది ఎప్పుడు వస్తుందో నాకు తెలియదు. ఖాళీ గది మీద హ్యామర్ పడినప్పుడు మూతి కిందికి వంగితే లోపం నా చేతిదే, తూటాది కాదు. హరి గారి ఏడు అంగుళాల్లో కొంత వాటా దీనిది కూడా కావచ్చు.

సింగిల్‌యాక్షన్_శీను

కడప_కోడలు గారి సూచన బంగారం. పిడి విషయం కూడా దీనితో ముడిపడి ఉంది. ట్రిగ్గర్ గార్డు వెనుక భాగం చతురస్రంగా ఉన్న సింగిల్ యాక్షన్లలో తన్ను వచ్చినప్పుడు అది మధ్యవేలి కణుపును కొడుతుంది. బిస్లీ ఆకారపు పిడి గానీ, ఆ వెనుక సందును నింపే రబ్బరు పిడి గానీ బిగించుకుంటే చేతికి ఊరట దొరుకుతుంది. ట్రిగ్గర్ బరువు మూడు పౌండ్ల దగ్గరికి రావాలి, ఆ పనిని గన్‌స్మిత్ చేతనే చేయించండి.

మంచె ఎక్కేటప్పుడు ఇంకొక జాగ్రత్త ఉంది. రూగర్ కంపెనీ సింగిల్ యాక్షన్లలో 1973 నుంచి ట్రాన్స్‌ఫర్ బార్ (ట్రిగ్గర్ నొక్కితేనే హ్యామర్ దెబ్బ తూటాకు చేరేలా చేసే పట్టీ) ఉంది కనుక ఆరు గదులూ నింపి మోయవచ్చు. అంతకు ముందరివైనా, పాత పద్ధతిలో చేసిన మరే సింగిల్ యాక్షన్ అయినా, హ్యామర్ కింద ఖాళీ గది ఉంచి అయిదే నింపాలి. ఏ తుపాకీ అయినా ఖాళీ చేసి, తాడుతో పైకి లాక్కొని, పైన కూర్చున్నాక నింపుకోవడం అన్నింటికంటే మంచిది.

టెక్సస్_తాతయ్య

సైట్ల గురించి ఎవరూ చెప్పలేదు. అరవై దాటిన కళ్ళకు వెనుక సైటు, ముందు సైటు, జింక మూడూ ఒకేసారి స్పష్టంగా కనిపించవు. నేను రెండు రెట్ల పిస్టల్ స్కోపు వాడి, చివరకు రెడ్ డాట్‌కు (అద్దంలో ఎర్రచుక్క చూపే సైటు) మారాను. చేయి చాచిన దూరం నుంచి చూడాలి కాబట్టి రైఫిల్ స్కోపు రివాల్వర్‌కు పనికిరాదు. పొద్దు పొడిచే వేళ అడవిలో నల్లటి సైట్లు కనిపించవు, వెలుగు తగ్గించిన ఎర్రచుక్క కనిపిస్తుంది.

240 గ్రెయిన్ల బుల్లెట్‌ను 1300 అడుగుల వేగంతో 50 గజాలకు సరిచేసుకుంటే, 75 గజాల దగ్గర రెండు అంగుళాలు, 100 గజాల దగ్గర అయిదు అంగుళాలు కిందికి పడుతుంది. జింక గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోటు ఎనిమిది అంగుళాల వెడల్పుంటుంది. బల్ల మీద ఆనించి కొట్టిన గుంపు కాదు, మీరు మంచె మీద కూర్చొని మోకాలి మీద చేతులు ఆనించి కాల్చిన ప్రతి తూటా ఆరు అంగుళాల పళ్ళెంలో ఎంత దూరం వరకు పడుతుందో అదే మీ వేట దూరం.

పెన్సిల్వేనియా_పెద్దన్న

ఆనించే పద్ధతి కూడా ముఖ్యమే. బారెల్‌ను కొమ్మ మీద పెట్టి కాలిస్తే గురి పైకి తేలిపోతుంది. చేతులను ఆనించాలి గానీ తుపాకీని కాదు. సిలిండర్‌కూ బారెల్‌కూ మధ్య ఉన్న సందు నుంచి పక్కలకు దూసుకొచ్చే వాయువు వేళ్ళను కోసేయగలదు, కాబట్టి ఆ సందు దగ్గరికి చేయి పోనివ్వకూడదు.

డల్లాస్_డాక్టరమ్మ

చెవుల గురించి నేను చెప్పకపోతే తప్పవుతుంది. 44 మాగ్నమ్ రివాల్వర్ మోత 160 డెసిబెల్స్‌ను దాటుతుంది, రక్షణ లేకుండా ఒక్కసారి విన్నా లోపలి చెవికి శాశ్వతంగా నష్టం జరగవచ్చు. వేటలో ఒక్క తూటాయే కదా అనుకునేవారు చాలామంది ఉన్నారు. ఆకుల చప్పుడు వినిపించే, పేలుడు శబ్దాన్ని మాత్రం ఆపే ఎలక్ట్రానిక్ మఫ్‌లు దొరుకుతున్నాయి, అవి పెట్టుకొనే మంచె ఎక్కండి.

ఇంకొక సంగతి. జింక మాంసం పిల్లలు కూడా తింటారు కదా. 2008లో ఉత్తర డకోటాలో దానంగా వచ్చిన జింక మాంసంలో సీసం కనిపించడంతో, దాన్ని పేదలకు పంచవద్దని అక్కడి ఆరోగ్య శాఖ చెప్పింది. కావాలంటే పూర్తి రాగి బుల్లెట్లు ఉన్నాయి.

వెంకట్_44

డాక్టరమ్మ గారూ, రైఫిల్ వేగంలో మెత్తని సీసం తునాతునకలవుతుంది, రివాల్వర్ వేగంలో గట్టి పోత బుల్లెట్ చాలావరకు ముక్కలు కాకుండానే పోతుంది. ఆ రెండింటినీ ఒకే గాటన కట్టడం సరికాదనుకుంటాను.

డల్లాస్_డాక్టరమ్మ

తేడా ఉందని ఒప్పుకుంటాను. అయినా గాయం చుట్టూ ఉన్న మాంసాన్ని ధారాళంగా కోసి పారేయండి. పోత బుల్లెట్లు ముట్టుకున్నాకా, కాల్చిన ప్రైమర్ల మసి ఉన్న కేసింగ్‌లను శుభ్రం చేశాకా చేతులు సబ్బుతో కడగండి. రీలోడింగ్ బల్ల ఉన్న గదిలోకి చిన్నపిల్లలను రానివ్వవద్దు.

బ్రాస్_బాబాయ్

రాగి బుల్లెట్ ఎంచుకునేవారికి ఒక హెచ్చరిక. రాగి సీసం కంటే తేలిక, అందుకే అదే బరువుకు బుల్లెట్ పొడవు పెరుగుతుంది, కేసింగ్‌లో పౌడర్‌కు చోటు తగ్గుతుంది. సీసం బుల్లెట్ కొలతలను దానికి వాడకూడదు, దాని సొంత కొలతలే చూడాలి.

నల్లమల_నవీన్

నేను హెచ్1బి మీద ఉన్నాను. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నిషేధం కాబట్టి మాకు ఇదంతా కొత్త. నాలాంటివారికి తుపాకీ కొనే వీలుందా?

టెక్సస్_తాతయ్య

నవీన్, ఫెడరల్ చట్టం తాత్కాలిక వీసాల మీద ఉన్నవారికి తుపాకీని గానీ తూటాలను గానీ దగ్గర ఉంచుకోవడాన్ని మామూలుగా నిషేధిస్తుంది. అయితే ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు అమల్లో ఉన్నవారికి అందులో మినహాయింపు ఉంది. లైసెన్సు గడువు తీరిన రోజున ఆ మినహాయింపు కూడా తీరిపోతుంది, ఇంట్లో ఉన్న తూటాల పెట్టె కూడా నేరమవుతుంది. ముందు హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు పూర్తి చేయండి, లైసెన్సు తీసుకోండి, కొనే ముందు ఇమ్మిగ్రేషన్ లాయరును అడగండి. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ చిక్కు లేదు.

కడప_కోడలు

నిబంధనలు రాష్ట్రానికొక రకంగా ఉంటాయని కూడా నవీన్ గారు గుర్తుంచుకోవాలి. పెన్సిల్వేనియాలో సెమీ ఆటోమేటిక్ పిస్టల్‌తో జింకను వేటాడకూడదు, రివాల్వర్ చెల్లుతుంది. ప్రతి ఏడాది కొత్త నిబంధనల పుస్తకం చదవాలి.

హాకింగ్‌హిల్స్_హరి

త్రోట్లు కొలిచాను. ఆరు గదుల్లో అయిదు 0.4315, ఒకటి 0.4320. బారెల్ గాడులు 0.4295, మరల చోట ఇరుకు లేదు. అంటే 0.429 బుల్లెట్ త్రోట్‌లో వదులుగా ఊగుతోందన్నమాట. ఎక్స్‌పాండర్ కూడా లావుగా ఉంది, కొత్తది తెప్పిస్తున్నాను. 0.431కి సైజు చేసిన 250 గ్రెయిన్ల కీత్ బుల్లెట్లు, 2400 పౌడర్, విడిగా వేసిన రోల్ క్రింప్‌తో మాన్యువల్ కనిష్ఠ కొలత నుంచి మొదలుపెడతాను. దూరం హద్దు 50 గజాలే.

బ్రాస్_బాబాయ్

అర వెయ్యో వంతు ఎక్కువున్న ఆ ఆరవ గదికి సిలిండర్ మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. గుంపు నుంచి ఒక్క తూటా ఎప్పుడూ పక్కకు పోతుంటే అది ఆ గదిదో కాదో తేలిపోతుంది. ఆ గదిదే అయితే వేటలో దాన్ని చివరగా వాడండి. కొత్త బుల్లెట్లు కాల్చే ముందు బారెల్‌లో ఉన్న పాత సీసాన్ని పూర్తిగా తీసేయండి, లేకపోతే మంచి బుల్లెట్ కూడా చెదిరినట్టే కనిపిస్తుంది.

సింగిల్‌యాక్షన్_శీను

సీసం తీయడానికి పాత రాగి బోర్ బ్రష్‌కు రాగి పీచు చుట్టి తిప్పండి, ఉక్కు పీచు వాడకండి. కొనేముందు ఆ పీచుకు అయస్కాంతం ఆనించి చూడండి, అంటుకుంటే అది రాగి పూత పూసిన ఉక్కు.